పాఠం పేరులో ప్రశ్నార్థకం ఉంటే డిస్కులోకి ఎక్కట్లేదు: లైనక్స్, మ్యాక్, విండోస్ మూడింటికీ సరిపోయే ఫైలు పేర్లు ఎలా పెట్టాలి?

పాఠాలపెట్టె

అందరికీ నమస్కారం. చూపు లేని పిల్లల కోసం సైన్సు పాఠాలు చదివి ఆడియోగా రికార్డు చేస్తుంటాను. రికార్డింగ్ నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో, ఎడిటింగ్ మా స్నేహితురాలి మ్యాక్‌లో జరుగుతాయి. వినే పిల్లల దగ్గర ఎక్కువగా విండోస్ ఉంటుంది. నిన్న మొత్తం పాఠాలను ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేస్తుంటే, చాలా ఫైళ్ల దగ్గర 'చెల్లని ఆర్గ్యుమెంట్' అనే ఎర్రర్ వచ్చి ఆగిపోయింది.

ఆగిన వాటిలో కొన్ని: 'ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?', 'నీరు: ఘన, ద్రవ, వాయు రూపాలు', 'పాఠం 10:30 రికార్డింగ్'. పేర్లు తెలుగులో ఉండటం వల్లే ఇలా అవుతోందా? డిస్కు పాడైందేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డాను. ఇందులో మూడేళ్ల పని ఉంది.

నల్లతెర

మీ డిస్కుకు ఏమీ కాలేదండి, కంగారు పడకండి. తెలుగు వల్ల కూడా కాదు. మీరిచ్చిన మూడు పేర్లలోనూ తప్పు తెలుగు అక్షరాలది కాదు, ఒకదాంట్లో ? ఉంది, మిగతా రెండింట్లో : ఉంది.

లైనక్స్‌కు ఫైలు పేరంటే వరుసగా పేర్చిన బైట్లు, అంతే. అందులో రెండే రెండు కుదరవు: ఫోల్డర్లను విడదీసే / గుర్తు, పేరు ముగిసిందని చెప్పే సున్నా బైటు. మిగతాది ఏదైనా పెట్టుకోవచ్చు, ఆఖరికి ఎంటర్ కొట్టి కొత్త లైను కూడా. విండోస్ మాత్రం < > : " / \ | ? * అనే తొమ్మిది గుర్తులనూ, కనిపించని కంట్రోల్ క్యారెక్టర్లనూ ఒప్పుకోదు. ఎక్స్‌ఫ్యాట్ మైక్రోసాఫ్ట్ తయారుచేసినది కాబట్టి ఆ నిషేధం డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి అయిన ఫైల్ సిస్టమ్‌లోనే ఉంది. అందుకే మీరు లైనక్స్ నుంచి రాస్తున్నా ఆ డిస్కు ఆ పేర్లు తీసుకోలేదు.

ముందు చేయాల్సింది ఒకటుంది. లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు ఫైళ్లను అలాగే ఉంచండి. పేర్లు మార్చేది కాపీ మీదే చేయండి.

పాతడిస్కు

నేను ముప్పై ఏళ్లుగా చెప్పే మాటే మళ్లీ చెబుతాను. ఫైలు పేర్లలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ వద్దు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి నిబంధనలైన పోసిక్స్ ప్రమాణంలో 'ఎక్కడికైనా తీసుకెళ్లగల అక్షరాలు' అని ఇచ్చినవి సరిగ్గా ఇవే. హైఫన్‌తో పేరు మొదలుపెట్టకూడదని కూడా అందులో ఉంది. స్పేసులు కూడా వద్దు. పాఠం 001, 002 అని నంబర్లు పెట్టుకుని, అసలు పేర్లను ఒక పట్టికలో రాసుకోండి.

అక్షరపిట్ట

పాతడిస్కు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఈ విషయంలో ఒప్పుకోలేకపోతున్నాను. ఇక్కడ వినేది పిల్లలు. వాళ్లకు స్క్రీన్ రీడర్ ఫైలు పేరును పైకి చదివి వినిపిస్తుంది. 'సున్నా సున్నా రెండు' అని వినిపిస్తే అందులో ఏ పాఠం ఉందో ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? 'ఆకాశం నీలంగా ఎందుకుంటుంది' అని వినిపించాలి. చూపున్నవాళ్లకు తెలుగు పేరు ఒక సౌకర్యం, వీళ్లకు అదే దారి.

పైగా తెలుగు పేర్లకు సాంకేతికంగా అడ్డంకి ఎప్పుడో తొలగింది. అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లిచ్చే ఉమ్మడి పట్టిక యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ 1993లో మొదలైనప్పటి నుంచీ పేర్లను యూనికోడ్‌లోనే దాస్తోంది. తెలుగుకు ఇంకో లాభం కూడా ఉంది, దీన్ని ఎవరూ గమనించరు. మనకు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లేదు. ఇంగ్లీషులో ఒకే పేరును పెద్దక్షరంతో ఒకసారి, చిన్నక్షరంతో ఒకసారి రాస్తే లైనక్స్‌లో రెండు ఫైళ్లవుతాయి. విండోస్‌లోనూ, మామూలుగా ఫార్మాట్ చేసిన మ్యాక్ డిస్కులోనూ ఆ రెండూ ఒకే పేరు, కాపీ చేస్తే ఒకటి రెండోదాన్ని చెరిపేస్తుంది. తెలుగు పేర్లకు ఈ గొడవే రాదు.

పాఠాలపెట్టె

మనసు కుదుటపడింది, ధన్యవాదాలు. స్క్రీన్ రీడర్ మాట నిజం, పేరు విని ఎంచుకుంటారు కాబట్టే ప్రశ్నల రూపంలో పెడుతున్నాను.

ఇంకో వింత జరిగింది. మా స్నేహితురాలు మ్యాక్‌లో 'కాంతి/నీడ' అని పేరు పెట్టింది. నాకు వచ్చేసరికి అది 'కాంతి:నీడ' అయింది. తను కోలన్ కొట్టనే లేదంటోంది.

పొదరిల్లు

ఆవిడ చెప్పింది నిజమే. మ్యాక్ చరిత్ర తెలిస్తే ఇది అర్థమవుతుంది. పాత మ్యాక్ సిస్టమ్‌లో ఫోల్డర్లను విడదీసే గుర్తు కోలన్. తర్వాత యూనిక్స్ పునాది మీద మ్యాక్ ఓఎస్ ఎక్స్ కట్టినప్పుడు, కింద విడదీసే గుర్తు / అయింది. పాత ఫైళ్ల పేర్లలో / ఉండవచ్చు, వాటిని పాడుచేయకూడదు. అందుకని రెండింటినీ తారుమారు చేశారు. మ్యాక్‌లో ఫైళ్లను చూపించే ఫైండర్‌లో మీకు / అని కనిపించేది అడుగున : గా ఉంటుంది. ఆ ఫైలు లైనక్స్‌కు వచ్చినప్పుడు అడుగున ఉన్నదే బయటపడుతుంది. ఫైండర్‌లో కోలన్ కొట్టబోతే ఒప్పుకోదు, కారణం ఇదే.

మ్యాక్ నుంచి ఎక్స్‌ఫ్యాట్ డిస్కులోకి వేసినప్పుడు ప్రతి ఫైలుకూ జంటగా, చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైలు ఒకటి రావచ్చు. మ్యాక్ తన అదనపు సమాచారం అందులో దాస్తుంది. విండోస్‌లో అవి బయటకు కనిపించవచ్చు, అప్పుడు స్క్రీన్ రీడర్ వాటినీ చదువుతుంది. పిల్లలకు ఇచ్చే ముందు డిస్కులోంచి వాటిని తీసేయండి.

కోడుగూడు

కోలన్ గురించి నాకు బాగా తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను, ఎందుకంటే అక్కడ ఎర్రర్ కూడా రాలేదు.

రికార్డింగ్ వివరాలు రాసుకునే చిన్న పైథాన్ స్క్రిప్టు ఒకటి లైనక్స్‌లో రాశాను. ఫైలు పేరులో సమయం వచ్చేది, 'లాగ్ 10:30' అని. దాన్నే తీసుకెళ్లి విండోస్‌లో నడిపాను. ఫిర్యాదు లేకుండా నడిచింది. వారం తర్వాత చూస్తే 'లాగ్ 10' అనే ఫైలు ఉంది, సైజు సున్నా. గంటకు పది రికార్డులు రాసినా ఆ గంటకు కనిపించేది ఒకే ఖాళీ ఫైలు. అంతా పోయిందనుకున్నాను.

పోలేదు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఒక ఫైలు వెనకాల ఇంకొన్ని డేటా ప్రవాహాలు ఉండవచ్చు. ఫైలు పేరు, కోలన్, ప్రవాహం పేరు అని రాస్తే అక్కడికి వెళ్తుంది. నా స్క్రిప్టు రాసిన '10:30'ని విండోస్ అలా అర్థం చేసుకుంది, 'లాగ్ 10' అనే ఫైలులో '30' అనే ప్రవాహం అని. కమాండ్ ప్రాంప్ట్‌లో డీఐఆర్ కమాండుకు /ఆర్ జోడించి నడిపితే దాగినవన్నీ కనిపించాయి. ఒక్కొక్కటీ బయటకు తీసుకున్నాను. అయితే వాటిని మధ్యలో ఏ పెన్‌డ్రైవ్‌కో కాపీ చేసి, అసలువి తుడిచేసి ఉంటే నిజంగానే పోయేవి. ఫ్యాట్‌లోనూ ఎక్స్‌ఫ్యాట్‌లోనూ ఈ ప్రవాహాలు ఉండవు.

మీ పేర్లలో సమయం ఉంది కాబట్టి చెప్తున్నాను. 10:30 బదులు 10-30 లేదా 1030 అని రాయండి. తేదీని 2024-03-15 లాగా సంవత్సరంతో మొదలుపెడితే ఏ సిస్టమ్‌లోనైనా పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది.

చిరుజల్లు

నాదొక సందేహం. ? బదులు చైనా, జపాన్ భాషల టైపింగ్‌లో వాడే వెడల్పు గుర్తు ？ పెడితే విండోస్ ఒప్పుకుంటుంది కదా? వీడియోలు దింపుకునే కొన్ని ప్రోగ్రాములు అలాగే చేస్తున్నాయి. చూడ్డానికి తేడా కూడా పెద్దగా లేదు.

అక్షరపిట్ట

ఒప్పుకుంటుంది, నిజమే. కానీ నేను వద్దంటాను. రేపు ఎవరైనా మామూలు ? కొట్టి వెతికితే చాలా ప్రోగ్రాముల్లో ఆ ఫైలు దొరకదు. స్క్రీన్ రీడర్ దాన్ని ఎలా చదువుతుందో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఒకలా కనిపించి వేరుగా ఉండే అక్షరాలే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఏడిపిస్తాయి. ఎర్రర్ ఇచ్చే గుర్తులు నయం, అవి వెంటనే బయటపడతాయి.

అలా దాగినవి తెలుగులో రెండున్నాయి. రెండూ నేను పడి లేచినవే.

మొదటిది ఐత్వం. 'పైరు' అనే పేరు తీసుకోండి. అందులో 'ై' ఒకే కోడ్. కానీ యూనికోడ్ ప్రకారం దాన్ని రెండు ముక్కలుగా, ఎత్వం 'ె', దాని కింద వచ్చే ఐత్వపు తోక 'ౖ' అని కూడా రాయవచ్చు. రెండూ సమానమని ప్రమాణమే చెబుతుంది, తెర మీద తేడా తెలియదు. బైట్లు మాత్రం వేరు. మొదటి రూపంలో 'పైరు' 12 బైట్లు, రెండో రూపంలో 15. మ్యాక్‌ల పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ అన్ని పేర్లనూ విడదీసిన రూపంలోకి మార్చి దాచేది. దాని స్థానంలో 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన రూపాన్ని అలాగే ఉంచి, పోల్చేటప్పుడు రెండూ ఒకటేనని చూస్తుంది. లైనక్స్‌కు మాత్రం బైట్లు వేరైతే పేర్లు వేరు. అందువల్ల పాత మ్యాక్ డిస్కు నుంచి వచ్చిన 'పైరు', మీరు కొట్టిన 'పైరు' లైనక్స్ ఫోల్డరులో పక్కపక్కనే కూర్చుంటాయి. తెలుగు అక్షరాల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. కాబట్టి 'సైన్సు', 'వైరస్', 'మైనం' లాంటి పేర్లున్న పాఠాలను ప్రత్యేకంగా చూడండి.

రెండోది కనిపించని విడదీత అక్షరం. 'ఆఫీస్‌లో' అని రాసేటప్పుడు స్, లో కలిసిపోకుండా మధ్యలో ఒకటి పెడతాం. దాని వెడల్పు సున్నా. మాట మధ్యలో ఉంటే రూపం మారుతుంది కాబట్టి ఉన్నదో లేదో తెలుస్తుంది. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దాన్ని వదిలేస్తాయి. 'బల్బ్' అనే రెండు ఫైళ్లు ఒకే ఫోల్డరులో ఉంటాయి, ఎన్నిసార్లు చూసినా తేడా దొరకదు. విండోస్‌లోనూ అవి రెండు ఫైళ్లే.

కోడుగూడు

పిట్ట గారు చెప్పిన రెండోది భద్రత సమస్య కూడా. హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను పోల్చేటప్పుడు అలాంటి సున్నా వెడల్పు అక్షరాలను లెక్కలోకి తీసుకోదు. కోడులో మార్పుల చరిత్రను దాచే గిట్ అనే ప్రోగ్రాము వాడేవాళ్ల దాగిన ఫోల్డరు పేరు మధ్యలో అలాంటి అక్షరం దూర్చితే, గిట్‌కు అది వేరే పేరులా కనిపించేది, డిస్కు మీద మాత్రం అసలు ఫోల్డరులోకే వెళ్లేది. 2014 డిసెంబరులో గిట్‌కు అత్యవసరంగా కొత్త వెర్షన్లు ఇచ్చి ఆ కన్నం మూశారు.

కుడి నుంచి ఎడమకు రాయించే కనిపించని గుర్తు కూడా ఉంది. దాన్ని పేరు మధ్యలో పెడితే ప్రోగ్రాము ఫైలు చివర ఫొటో ఫైలులా కనిపిస్తుంది. తెలియనివాళ్లు పంపిన ఫైలు పేరును నమ్మకండి, రకం ఏమిటో ప్రాపర్టీస్‌లో చూడండి.

పాఠాలపెట్టె

'మైక్రోస్కోప్' పాఠం రెండుసార్లు కనిపించడానికి కారణం ఇదన్నమాట! నేనే పొరపాటున రెండుసార్లు దాచాననుకుని ఒకటి తుడిచేయబోయాను. విని చూస్తే ఒకటి ఎడిట్ చేసినది, ఇంకోటి చేయనిది. తుడవకపోవడం మంచిదైంది.

ఇంకొకటి. స్నేహితురాలు అన్నీ జిప్ చేసి ఒక పిల్లవాడికి పంపింది. అతని విండోస్ పాత వెర్షన్. విప్పితే పేర్లన్నీ α░, α▒ అంటూ గళ్లు గళ్లుగా వచ్చాయట. ఫైళ్లు మాత్రం చక్కగా వినిపిస్తున్నాయి.

అక్షరపిట్ట

α░ లేదా α▒ పదేపదే కనిపించిందంటే అవి తెలుగు అక్షరాలే, పేరు భద్రంగానే ఉంది, తప్పుగా చదువుతున్నారు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ప్రతిదీ మూడు బైట్లు. బైట్లను రాసే హెక్స్ లెక్కలో మొదటి బైటు ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. పాత ఐబీఎం 437 పట్టికలో ఈ0కు α, బీ0కు ░, బీ1కు ▒ బొమ్మలు ఉన్నాయి. జిప్ ఫార్మాట్ మొదట్లో పేర్లను ఆ పట్టికతోనే రాసేది. పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే గుర్తును 2006లో చేర్చారు. జిప్ చేసిన ప్రోగ్రాము ఆ గుర్తు పెట్టకపోయినా, విప్పేది దాన్ని పట్టించుకోకపోయినా ఈ గళ్లే వస్తాయి.

సెవెన్‌జిప్‌తో మళ్లీ కట్టి పంపండి. అప్పటికీ రాకపోతే ఆ పిల్లవాడికి పెన్‌డ్రైవ్‌లో నేరుగా ఇవ్వడమే మేలు.

పాతడిస్కు

పిల్లల సంగతి నాకు తట్టలేదు, అక్షరపిట్ట గారి మాటతో ఏకీభవిస్తున్నాను. సర్వర్లకూ కోడుకూ మాత్రం నా పాత మాట మీదే ఉంటాను. ఇక తెలుగు పేర్లే పెట్టాలనుకుంటే పొడవు గురించి తెలుసుకోండి, ఎందుకంటే మీ శీర్షికలు వాక్యాల్లా ఉన్నాయి.

విండోస్‌లో ఒక పేరుకు 255 కోడ్‌లు పడతాయి. లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. తెలుగు కోడ్‌కు మూడు బైట్లు కాబట్టి 85 కోడ్‌లు. అదీ మనం అక్షరాలు లెక్కపెట్టినట్టు కాదు. 'స్త్ర' మనకు ఒక అక్షరం, కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర అని ఐదు, అంటే 15 బైట్లు. 'విజ్ఞానశాస్త్రం' అనే ఒక్క మాటకే 45 అయిపోతాయి. అందుకే విండోస్‌లో హాయిగా పెట్టిన పేరు లైనక్స్‌కు కాపీ చేస్తే 'పేరు మరీ పొడవు' అంటుంది. హోమ్ ఫోల్డరును ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసుకున్న పాత లైనక్స్‌లో అయితే 143 బైట్లే, దాదాపు 47 కోడ్‌లు.

విండోస్‌కు వేరే హద్దు ఉంది. డ్రైవు అక్షరం నుంచి ఫైలు చివరి దాకా మొత్తం దారి 260 కోడ్‌లు దాటితే చాలా ప్రోగ్రాములు తెరవలేవు. విండోస్ 10 1607 వెర్షన్ నుంచి ఈ హద్దు ఎత్తేసే వీలుంది, కానీ సెట్టింగు మార్చాలి, ప్రోగ్రాము కూడా ఒప్పుకోవాలి. కాబట్టి ఫోల్డరులో ఫోల్డరు, అందులో ఇంకో ఫోల్డరు అని లోతుకు పోకండి.

విండోస్‌కు ముందున్న డాస్ కాలం నుంచి మిగిలిన, విండోస్‌లో ఫైలుకు పెట్టకూడని పేర్లు కూడా ఉన్నాయి. సీఓఎన్, పీఆర్‌ఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్, సీఓఎమ్1 నుంచి 9, ఎల్‌పీటీ1 నుంచి 9. ఇవి కీబోర్డు, ప్రింటరు లాంటి పరికరాల పేర్లు. 1981లో వచ్చిన మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, అవి 1983లో 2.0తో వచ్చాయి. ఆ పరికరాల పేర్లను మాత్రం ప్రతి ఫోల్డరులోనూ ఉన్నట్టే చూడటం అలాగే కొనసాగింది. తెలుగు లిపిలో 'కాన్' అని రాసుకుంటే ఏమీ కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తేనే గొడవ.

నల్లతెర

ఒకటి నేనూ కలుపుతాను. పేరు చివర చుక్క గానీ స్పేసు గానీ వదలకండి. 'మొక్కలు...' అనే ఫోల్డరును లైనక్స్ నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కు మీద సృష్టించగలరు. విండోస్ మాత్రం చివరి చుక్కలను తీసేసి వెతుకుతుంది, దొరకలేదంటుంది, తెరవలేరు, తుడవలేరు.

ఇక పేర్లు మార్చే పద్ధతి. అందరూ పొరబడేది ఇక్కడే. 'గాలి ఎక్కడుంది?' అని ఒకటి, 'గాలి ఎక్కడుంది' అని ఒకటి ఉన్నాయనుకోండి. స్క్రిప్టు ? తీసేస్తే రెండూ ఒకే పేరవుతాయి, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. అందుకని ముందు ఏ ఫైలునూ ముట్టుకోకుండా పాత పేరు, కొత్త పేరు అని పట్టిక మాత్రం రాయించండి. కొత్త పేర్లలో ఏదైనా రెండుసార్లు వచ్చిందేమో చూడండి. అప్పుడే మార్చండి. లైనక్స్‌లో పేరు మార్చే ఎమ్‌వీ కమాండు వాడితే హైఫన్ ఎన్ జోడించండి, ఉన్న ఫైలు మీద రాయదు. ఆ పట్టికను పాఠాలతోపాటే దాచండి, అసలు శీర్షికలు ప్రశ్నార్థకంతో సహా అందులో ఉంటాయి.

ఐత్వం రూపాలను కలపడానికి కాన్వ్‌ఎమ్‌వీ అనే ప్రోగ్రాము ఉంది, ఎన్‌ఎఫ్‌సీ, అంటే కలిపిన రూపంలోకి మార్చమనాలి. అది మొదట ఏం చేయబోతోందో చూపిస్తుందే గానీ, మీరు విడిగా చెప్పేదాకా ఏదీ మార్చదు. ఆ గుణం నాకు చాలా ఇష్టం.

చిరుజల్లు

స్పేసులు ఉంచుకోవచ్చా అన్నా? నా దగ్గర హైఫన్‌తో మొదలయ్యే ఫైలు కూడా ఒకటుంది, టెర్మినల్‌లో తుడవబోతే అది ఆప్షన్ అనుకుంటోంది.

నల్లతెర

స్పేసులు ఉంచుకో తమ్ముడూ, మూడు సిస్టమ్‌లూ ఒప్పుకుంటాయి. స్క్రిప్టులు రాసేటప్పుడు మాత్రం పేరు వచ్చే ప్రతి చోటా కోట్స్ పెట్టాలి, లేకపోతే ఒక పేరు రెండు ముక్కలై రెండు ఫైళ్లనుకుంటుంది. హైఫన్ ఫైలుకు ఆర్‌ఎమ్ తర్వాత రెండు హైఫన్లు, స్పేసు, ఆ తర్వాత పేరు రాయి. పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టినా సరిపోతుంది.

పాఠాలపెట్టె

మూడు రోజుల తర్వాత వస్తున్నాను, అంతా అయింది. పట్టిక రాయించి చూస్తే నల్లతెర గారు చెప్పినట్టే పదకొండు జతలు ఢీకొన్నాయి. నేరుగా మార్చి ఉంటే పదకొండు పాఠాలు పోయేవి. ఐత్వం జంటలు ఆరు దొరికాయి, అన్నీ స్నేహితురాలి పాత మ్యాక్ డిస్కు నుంచి వచ్చినవే. పేర్లు ఇప్పుడు '014 ఆకాశం నీలంగా ఎందుకుంటుంది' లాగా ఉన్నాయి. ప్రశ్నార్థకం ఉన్న పూర్తి శీర్షికను ఆడియో ఫైలు లోపలి టైటిల్ ట్యాగులో రాశాను, ప్లేయర్ దాన్నే చూపిస్తోంది.

'కాంతి/నీడ'ను 'కాంతి, నీడ' చేశాం. స్నేహితురాలికి ఫైండర్ సంగతి చెబితే ఇన్నాళ్లూ తనను అనుమానించానని కోప్పడింది, తర్వాత తనే మిగతా పాఠాల్లో / గుర్తులన్నీ వెతికి మార్చింది.

డిస్కు ఈ ఉదయం ఒక పాప విండోస్‌లో పెట్టి చూశాం. ఒక్క పేరు దగ్గర మాత్రం స్క్రీన్ రీడర్ ఆగి ఏదో పలికింది. 'బల్బ్' చివర ఆ కనిపించని అక్షరం ఇంకా మిగిలి ఉంది. పట్టికలో నేను చూసుకోలేదు, ఆ పాప విని పట్టుకుంది. దాన్నీ తీసేశాను.